తాహో మీద పంటు

మా నాన్నగారు అమెరికా వచ్చింది ఒక్కసారే. 2011లో, అమ్మతో కలిసి, మే నుంచి అక్టోబరు దాకా ఉన్నారు. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లందరికీ అమ్మానాన్నల్ని తిప్పే చోట్ల జాబితా ఒకటి ఉంటుంది. ఎవరూ రాసుకోరు కానీ అందరికీ నోటికి వచ్చు. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, స్టాన్‌ఫోర్డ్, మన ఆఫీసు బోర్డు పక్కన ఒక ఫొటో, చివర్లో లాస్ వేగాస్. మేమూ తిప్పాం. ఆయన అన్నీ చూసి "బావుందిరా" అనేవారు. అంతే, ఇంకో ముక్క ఉండేది కాదు. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. ఆ "బావుందిరా" వింటే, పేపరు దిద్ది ముప్పై ఐదు మార్కులు వేసి చేతిలో పెట్టినట్టుండేది నాకు. పాసే, కాదనను.

తాహో సరస్సు మీద బోటు అద్దెకి తీసుకోవడం వెనకాల ఉన్న కథ ఇదే. ఆ మార్కులు కాస్త పెంచుకుందామని.

టికెట్టు కొనుక్కుని వందమందితో కలిసి వెళ్లే పెద్ద బోట్లు అక్కడ ఉన్నాయి. నాకు అవి వద్దు. మా కుటుంబం మాత్రమే ఎక్కాలి, నేనే నడపాలి. ఆఫీసులో ఒక మిత్రుడు అలా వెళ్లొచ్చి ఫొటోలు చూపించాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని స్టీరింగు ముందు నిలబడ్డాడు, వెనకాలంతా నీలం నీళ్లు. నాకూ అలాంటి ఫొటో ఒకటి కావాలన్న ఆశ లేదని ఇప్పుడు అబద్ధమాడి ప్రయోజనం ఏముంది.

జులై మూడో వారంలో ఒక శుక్రవారం ఫ్రీమాంట్ నుంచి బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల మా అమ్మాయి, అమ్మ, నాన్నగారు. శాక్రమెంటో దాటేదాకా బయట నిప్పులు. ప్లాసర్‌విల్ తర్వాత 50వ నంబరు రోడ్డు కొండెక్కడం మొదలుపెడుతుంది. చెవులు దిబ్బడేశాయని అమ్మ నోరు తెరుస్తూ మూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి వెనక సీట్లోంచి మా అమ్మాయి కేక. ఇండియన్ షాపులో కొన్న జంతికల ప్యాకెట్టు దిండులా ఉబ్బిపోయింది. "పాడైపోయుంటాయి, పారేయండి" అంది అమ్మ. పైకి పోయేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుందనీ, లోపలి గాలి కవరుని తంతుందనీ నాన్నగారు మనవరాలికి చెప్పుకొచ్చారు. సైన్సు మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసూ ఆయనే తీసుకునేవారట.

ఎకో సమ్మిట్ అని 7,382 అడుగుల ఎత్తున ఒక కనుమ ఉంది. అది దాటి కిందికి దిగుతుంటే చెట్ల సందుల్లోంచి సరస్సు కనపడింది. నేను కారు స్లో చేసి, ఏమంటారా అని అద్దంలోంచి చూశాను.

"చెరువు పెద్దదే" అన్నారు.

ఆ 'చెరువు' పొడవు 22 మైళ్లు, వెడల్పు 12 మైళ్లు. బాగా లోతైన చోట 1,645 అడుగులు. నీటి మట్టమే సముద్రానికి 6,225 అడుగుల పైన, అంటే 1,897 మీటర్ల దగ్గర ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఏ కొండ శిఖరమూ ఆ నీళ్లంత ఎత్తు లేదు. తరతరాలుగా ఆ ఒడ్డున బతికిన వాషో తెగవాళ్ల భాషలో సరస్సుని 'దా ఆవ్' అంటారట, దాన్ని తెల్లవాళ్లు పలకలేక తాహో చేశారంటారు. అంటే లేక్ తాహో అంటే సరస్సు సరస్సు. మనం నడిసెంటరు అనుకున్నట్టే.

రాత్రి అద్దె ఇంట్లో అమ్మకీ స్టవ్వుకీ యుద్ధం. నీళ్లు తెర్లుతున్నాయి కానీ అన్నం ఉడకదు. అంత ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు. కుక్కరు ఇంట్లో మర్చిపోయాం. కందిపప్పు రెండు గంటలు పొయ్యి మీద ఉన్నా బద్దకి బద్ద విడిగానే ఉంది. "ఈ ఊళ్లో మనుషులు ఏం తిని బతుకుతారే" అని మా ఆవిడని అడిగింది అమ్మ. ఆ రాత్రి బ్రెడ్డుతో సరిపెట్టుకున్నాం. పలుకు మిగిలిపోయిన ఆ అన్నాన్నే పొద్దున్నకి పులిహోర కలిపేసింది. పులిహోరకి అన్నం అలాగే ఉండాలి, నిజానికి అంత మంచి పులిహోర మళ్లీ కుదరలేదు.

తెల్లారి ఎనిమిదిన్నరకల్లా దక్షిణపు ఒడ్డున బోట్లు అద్దెకిచ్చే చోటికి చేరాం. ఆ చలికి నాన్నగారు పంచె, ఫుల్ హేండ్స్ చొక్కా, దాని మీద నా జాకెట్టు, తలకి మంకీ క్యాపు. మాకిచ్చిన బోటు ఇలా ఉంది. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్లపరుపుగా డెక్కు, చుట్టూ రెయిలింగు, సోఫాల్లాంటి సీట్లు, పైన గుడ్డ పందిరి, వెనకాల ఇంజను. పన్నెండు మంది ఎక్కొచ్చు. సంతకం పెట్టిన కాగితాల్లో పాంటూన్ బోట్ అని ఉంది. నేను అది పైకి చదివానో లేదో, నాన్నగారు ఒడ్డు మీదే ఆగిపోయారు. వంగి కింది గొట్టాలు చూశారు. లేచి అమ్మవైపు తిరిగారు.

"ఏవే, ఇది మన పంటే!"

గోదావరి జిల్లాల బయట ఈ మాట తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. మాది సఖినేటిపల్లి. వశిష్ఠ గోదావరికి అవతల నరసాపురం. నాన్నగారు పనిచేసిన హైస్కూలు అవతలే. మధ్యలో వంతెన లేదు. చించినాడ దగ్గర వంతెన వచ్చాక రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లే వీలు కలిగింది కానీ, అదీ ఆయన సర్వీసు చివర్లోనే. కాబట్టి ఇటు సఖినేటిపల్లి రేవు, అటు మాధవాయిపాలెం రేవు, మధ్యలో పంటు. బల్లకట్టుకి ఇంజను పెట్టినట్టుంటుంది. సైకిళ్లు, మోటారు సైకిళ్లు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, పాల క్యాన్లు, మేకలు, పెళ్లివారు అన్నీ ఒకే బల్ల మీద. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థమైతే ఇక నిలబడ్డానికి చోటుండదు. చిన్నప్పటి నుంచీ నోట్లో నానిన ఆ పంటు అన్న మాట ఇంగ్లీషు పాంటూనేనని, నలభై ఏళ్లు దగ్గరపడ్డాక, తాహో ఒడ్డున, మంకీ క్యాపు పెట్టుకున్న నాన్నగారి వల్ల నాకు తెలిసింది.

బోటు చూపించిన కుర్రాడు పాతికేళ్లు కూడా లేనివాడు, గబగబా అన్నీ చెప్పేశాడు. ఒడ్డు నుంచి 600 అడుగుల దాకా అల లేవకుండా నెమ్మదిగా పోవాలి. పదమూడేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్టు విప్పకూడదు. ఒంటిగంటకల్లా తిరిగొచ్చేయండి, మధ్యాహ్నం గాలి లేస్తుంది. ఈ చివరి మాట అతను రెండుసార్లు చెప్పాడని తర్వాత మా ఆవిడ గుర్తు చేసింది. పక్కన ఎవరిదో సొంత బోటు ట్రైలరు మీద ఉంటే, దానికి సీలు ఎందుకు వేశారని అడిగాను. బయటి నుంచి వచ్చే బోట్లని తనిఖీ చేసి, అవసరమైతే వేడినీళ్లతో కడిగితే గానీ నీళ్లలోకి దింపనివ్వరట. క్వాగా మస్సెల్ అని గోరంత ఆల్చిప్ప ఒకటి వేరే చెరువుల నుంచి బోట్లకి అంటుకుని వచ్చిందంటే మొత్తం సరస్సుని ఆక్రమించేస్తుందని భయం. 2008 నుంచి ఈ కట్టడి. అమ్మకి ఇదంతా తెలుగులో చెబితే, "అయితే చెరువుకి మడి కట్టారన్నమాట" అంది.

పిల్లలకే తప్పనిసరి అయినా నాన్నగారు లైఫ్ జాకెట్టు అడిగి మరీ వేయించుకున్నారు. ఆయన పోయాక సఖినేటిపల్లి ఇంట్లో దండ వేసింది ఆ రోజు తీసిన ఫొటోకే. స్టూడియోవాడు వెనకాల సరస్సంతా తీసేసి బూడిద రంగు పెట్టాడు, మంకీ క్యాపు లేని ఫొటో ఎలాగో దొరికింది. కానీ భుజాల దగ్గర నారింజ రంగు పట్టీ మాత్రం ఉండిపోయింది. చూడవచ్చిన వాళ్లు అది శాలువా అనుకుంటారు.

అందరం ఎక్కి కూర్చున్నాం. తాడు విప్పబోతుంటే నాన్నగారు, "ఉండరా, ఇంకా రావాలి కదా జనం" అన్నారు.

"ఎవరూ రారు నాన్నగారూ. మనకే."

"మనకొక్కళ్లకేనా? ఏడు సీట్లు ఖాళీరా."

ప్రైవేటు అని చెప్పాను. "ప్రైవేటు పంటా!" అన్నారు, ప్రైవేటు పోస్టాఫీసు అన్నంత ఆశ్చర్యంగా. ఒడ్డున బెంచీ మీద ఒక ముసలి జంట కాఫీ కప్పులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. "పోనీ వాళ్లని రమ్మందామా? ఊరికే కూర్చున్నారు పాపం." కాగితాల్లో పేర్లు రాయించామనీ, ఇన్సూరెన్సనీ ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆయనకి నచ్చలేదు. మా రేవులో పంటు నిండితే గానీ కదలదు, పరిగెత్తుకొస్తున్న మనిషి కనపడితే కదిలిన పంటు కూడా ఆగుతుంది. ఆ 600 అడుగులు నెమ్మదిగా దాటినంతసేపూ ఆయన వెనక్కి తిరిగి ఆ బెంచీనే చూస్తూ ఉన్నారు.

ఎంతయిందని అడిగితే సగం చెప్పాను, రెండొందల యాభై డాలర్లని. అప్పుడు డాలరు నలభై ఐదు రూపాయల దగ్గర ఉండేది. ఆయన పెదాలు కదిలాయి. "పదకొండు వేల రెండొందల యాభై. నేను ఉద్యోగంలో చేరినప్పుడు రెండేళ్ల జీతంరా అది." అసలు ధర చెప్పి ఉంటే నీళ్లలోకి దూకేసేవారేమో.

ఇంజను మహా బద్ధకంగా ఉంది. ఆ ఎత్తులో గాలి పలచగా ఉండటం వల్ల ఇంజన్లకీ ఆయాసమే. చుట్టూ కొండలు, ఆ ఏడాది శీతాకాలంలో మంచు విపరీతంగా పడటంతో జులైలో కూడా పైన తెల్లగా చారలు. మౌంట్ టాలక్ మీద లోయల్లో మిగిలిన మంచు శిలువ ఆకారంలో కనపడుతుంది. అమ్మ దానికీ దణ్ణం పెట్టింది.

"అవతలి ఒడ్డుకి ఎంతసేపు?" అన్నారు నాన్నగారు.

"అవతలి ఒడ్డుకి వెళ్లం. అలా తిరిగి వచ్చేస్తాం."

"ఎక్కిన చోటే దిగుతామా?"

"అవును."

ఆయన ఇంకేమీ అనలేదు. రెండు నిమిషాలయ్యాక, బహుశా నా మొహం చూసి, "మరి జిల్లా ఎక్కడ మారుతుంది?" అన్నారు. అప్పట్లో వశిష్ఠకి ఇటు తూర్పు గోదావరి, అటు పశ్చిమ గోదావరి. పంటు నది మధ్యకి రాగానే "జిల్లా మారాంరోయ్" అని చిన్నప్పుడు నన్ను గిల్లేవారు. తాహోకీ అలాంటిదే ఉందని చెప్పాను. సరస్సులో మూడింట రెండు వంతులు కాలిఫోర్నియా, ఒక వంతు నెవాడా, నీళ్ల మధ్యలోంచి రాష్ట్రాల గీత పోతుంది. అది విన్నాక కాస్త తేరుకున్నారు. మేము గీత దాకా వెళ్లలేదు కానీ.

మేము వెళ్లింది ఎమరాల్డ్ బే వైపు. ముప్పావుగంట పట్టింది. లోపలికి పోయే మూతి దగ్గర ఇసుక మేట, దారి చూపిస్తూ నీళ్ల మీద తేలే బోయాల మధ్యలోంచే దూరాలి, లోపల నెమ్మదిగానే పోవాలి. అప్పటిదాకా ముదురు నీలంగా ఉన్న నీళ్లు మేట మీదికి వచ్చేసరికి లేత కొబ్బరికాయ రంగుకి తిరిగాయి. లోపల ఫనెట్ ఐలాండ్, రాతి గుట్ట. మొత్తం తాహోలో ఉన్నది ఆ ఒక్క దీవే.

"ఇంత నీళ్లకి ఒక్క లంకేనా!" అన్నారు నాన్నగారు. చుట్టూ లంకలే ఉన్న ఊళ్లో పెరిగిన మనిషి. పైన రాళ్లతో కట్టిన చిన్న గది మొండిగోడలు చూపించాను. లోరా నైట్ అనే సంపన్నురాలు 1929లో ఒడ్డున వైకింగ్స్‌హోమ్ అని 38 గదుల మేడ కట్టించుకుని, వచ్చిన అతిథులకి టీ ఇవ్వడానికి ఆ లంక మీద ఈ గది కట్టించింది. బోటులో ఇక్కడిదాకా తెచ్చి టీ పోసేవారట. అమ్మ విని, ఫ్లాస్కు మూత తిప్పి, "టీ తాగడానికి లంక దాకా ఎందుకు, పంటు మీద తాగలేమా" అంటూ అందరికీ గ్లాసుల్లో పోసింది. పులిహోర డబ్బా కూడా అక్కడే ఖాళీ అయింది.

బే లోంచి బయటికొచ్చి, లోతైన నీళ్లలోకి కాస్త పోయాక, ఇంజను ఆపమన్నది నాన్నగారే. ఆపాను. నీళ్లు గొట్టాలకి తగులుతున్న టపటప తప్ప ఇంకేమీ వినపడలేదు. అమ్మ పర్సు తీసింది. "రూపాయి బిళ్ళ ఉందేమో చూడరా." రైలు గోదావరి వంతెన ఎక్కగానే బిళ్ళ విసరని ఇల్లు మా వైపు ఉండదు. రూపాయి లేదు, క్వార్టరు, అంటే పావు డాలరు బిళ్ళ ఇచ్చాను. కళ్లకద్దుకుని వేసింది. జులైలో మా గోదావరి ఎర్రనీళ్లతో ఉంటుంది. బిళ్ళ నీటిని తాకిందంటే అంతే, మళ్లీ కనపడదు. ఇక్కడ అది మునిగాక కూడా కనపడుతూనే ఉంది. ఎండకి తళుక్కుమంటూ, ఒకసారి ఇటు ఒకసారి అటు వాలుతూ, దిగుతోంది. మా అమ్మాయి రెయిలింగు మీద గడ్డం ఆనించి లెక్కపెట్టింది. ముప్పై ఒకటి దాకా కనపడిందంది. "అమ్మమ్మో, ఇంకా వెళ్తూనే ఉంది" అని అమ్మ భయపడింది, తనే తోసేసినట్టు.

ఆ సరస్సు ఎంత తేటగా ఉందో కొలవడానికీ దాదాపు ఇదే పని చేస్తారు. భోజనం కంచమంత తెల్లటి పళ్ళేన్ని తాడు కట్టి దింపుతూ, ఎన్ని అడుగుల దగ్గర కంటికి కనపడకుండా పోతుందో చూస్తారు. 1968 నుంచి డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలుస్తున్నారు. మొదట్లో సగటున 100 అడుగులు దాటి కనపడేది, మేము వెళ్లిన కాలానికి 70 దగ్గరికి వచ్చేసింది. రోడ్ల దుమ్ము, కొట్టుకొచ్చే సన్నటి మట్టి, నాచు. అక్కడి కార్లన్నిటి మీదా తాహోని నీలంగానే ఉంచండి అన్న స్టిక్కరు అందుకే. క్వార్టరు వేయడం తప్పే, ఒప్పుకుంటాను. అమ్మకి చెప్పే ధైర్యం అప్పుడు లేదు.

"ఈ నీళ్లు ఎక్కడ సముద్రంలో కలుస్తాయి?" అడిగారు నాన్నగారు.

కలవవు. అరవై మూడు వాగులు ఈ సరస్సులోకి వస్తాయి, బయటికి పోయేది ఒక్క ట్రకీ నది. అది కూడా నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్ అనే ఇంకో సరస్సులో పడి ఆగిపోతుంది. చెప్పాను. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటు చూస్తూ పెరిగిన ఆయనకి ఇది మింగుడు పడలేదు. "ఎక్కడికీ పోదా?" అని మళ్లీ అడిగారు. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్క మొదలెట్టారు. నీళ్ల లెక్కేమో అనుకున్నాను.

"ముప్పై ఒక్క ఏళ్లు. ఏడాదికి రెండొందల ఇరవై రోజులు వేసుకో. రోజుకి రెండుసార్లు. పదమూడు వేల ఆరొందల నలభై. ఎనభై ఆరు వరదలప్పుడు పంటు ఆపేసిన రోజులు తీసెయ్." కాసేపాగారు. "ఒక్కసారి కూడా నది మధ్యలో ఇలా ఆగలేదురా. మధ్యలో ఆగిందంటే ఇంజను చెడినట్టే. స్కూలుకి లేటు."

అందరం చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఎంతసేపో చూసుకోలేదు. అదే పొరపాటు.

"గాలి మారింది, ఇక పద" అని ఆయన అన్నప్పుడు నేను ఇంకా ఫొటోల్లో ఉన్నాను. నల్లకళ్లద్దాల ఫొటో. పది నిమిషాల్లో నైరుతి గాలి కొండల మీంచి దిగి సరస్సుని చిలకడం మొదలుపెట్టింది. పాంటూన్ అడుగు బల్లపరుపు. ఒక్కొక్క అల డెక్కు కింద గుద్దుతుంటే పళ్లు కదులుతున్నాయి. ముందు నుంచి నీళ్లు లోపలికొచ్చి అందరి కాళ్లూ తడిశాయి, ఆ చల్లదనానికి పాదాలు మొద్దుబారాయి. అమ్మ కళ్లు మూసుకుని అంతర్వేది నరసింహస్వామిని పిలుస్తోంది. నాకు చేతులు వణికాయి, ఆ టెన్షన్‌లో ఒడ్డు ఎటో కూడా ఒక క్షణం తెలియలేదు. నాన్నగారు లేచి వచ్చి నా పక్కన స్టీరింగు దగ్గర నిలబడ్డారు. సలహా ఏమైనా ఇస్తారేమో అనుకున్నాను. ఇవ్వలేదు. ఆయన జీవితంలో ఎప్పుడూ పంటు నడపలేదు, ఎక్కడమే. పడిపోకుండా నా భుజం పట్టుకున్నారు, అంతే.

నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం. గంట డబ్బులు అదనంగా తీసుకున్నారు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. దిగగానే నాన్నగారు ఆ కుర్రాడికి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు. బెంచీ మీద ఆ ముసలి జంట లేరు.

కారెక్కాక అడిగాను, ఎలా ఉందని.

"బావుందిరా" అన్నారు.

2013 సంక్రాంతికి ఇండియా వెళ్లాను. రైలు దిగి నరసాపురం నుంచి రేవుకి వచ్చేసరికి నాన్నగారు ఇటువైపే వచ్చి నిలబడ్డారు. పంటు నిండేదాకా ఆగాం. టికెట్లు కోసే ఆయన, ముప్పై ఏళ్లుగా ఎరిగున్నవాడు, నన్ను పరీక్షగా చూసి పక్కకి పిలిచాడు.

"ఏం బాబూ, అక్కడ కంప్యూటరు ఉద్యోగం పోయిందంట కదా?"

బిత్తరపోయాను. "లేదండీ, ఎవరన్నారు?"

"పర్లేదు లెండి, మా దగ్గర దాపరికం ఏవిటి. అమెరికాలో పంటు నడుపుతున్నారంట. ఏ పనైతే ఏవుంది బాబూ." పక్కనున్న ఇద్దరు ఆయ్, ఆయ్ అని తలలూపారు.

నాన్నగారి వైపు తిరిగాను. ఆయన నీళ్లకేసి చూస్తున్నారు.

"నేనన్నది ఒకటే" అన్నారు ఇటు తిరక్కుండానే. "మావాడు ఎంత గాలిలోనైనా పంటు ఒడ్డుకి చేరుస్తాడని."

టికెట్టుకి నోటు తీసిస్తే టికెట్లాయన తీసుకోలేదు. నా చెయ్యి వెనక్కి నెట్టి, "పంటువాళ్లకి పంటు మీద టికెట్టేవిటండీ" అంటూ ముందుకెళ్లిపోయాడు.